పట్టు – విడుపు: ఐకిడో సాధనలో సామరస్య భావన

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా ఉన్నత తరగతుల విద్యార్థులను ఉద్దేశించి పాఠశాల పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మరాఠీ గడ్డపై, షోలాపూర్ మగ్గాల చప్పుళ్ళ నడుమ జన్మించి 75 వసంతాలు పూర్తి చేసుకొన్న ఈ విద్యాలయంలో అక్షరాలు దిద్దిన వేలాది మందిలో నేనొకణ్ణి. ఇటువంటి ఉత్సవ వేదికలపై తప్పక వినిపించే మాట ఒకటున్నది. అది సామరస్యం. భాషల మధ్య సామరస్యం, మతాల మధ్య సామరస్యం, ఇరుగుపొరుగుల మధ్య సామరస్యం అని వక్తలందరూ ఆ మాటను పలుకుతారు. మనమూ చప్పట్లు కొట్టి ఇళ్ళకు వెళ్తాము. సంగీతానికి సాధన ఉన్నది, గణితానికి అభ్యాసమున్నది, మగ్గం నేతకు ఏళ్ళ తరబడి చేయి తిరగవలసిన అవసరమున్నది. మరి సామరస్యానికి సాధన ఏది? దానిని ఎవరు, ఎక్కడ, ఏ విధంగా అభ్యసిస్తారు? ఈ ప్రశ్నకు జపాన్ దేశపు యుద్ధవిద్య ఒకటి తనదైన సమాధానం చెప్పింది. దాని పేరు ఐకిడో. ఉద్యోగరీత్యా పుణెలో నివసించిన కాలంలో కొన్నేళ్ళపాటు ఆ విద్యను అభ్యసించే అవకాశం నాకు లభించింది. నేను ఆ విద్యలో ఆచార్యుణ్ణి కాను, సాధకుణ్ణి మాత్రమే. ఆ హద్దులోనే ఉండి నాలుగు మాటలు మనవి చేసుకొంటాను.

ముందుగా పేరును పరిశీలిద్దాము. ఐకిడో అన్న పదంలో మూడు లిపి చిహ్నాలున్నవి. 'దో' అంటే మార్గం. 'కి' అంటే ఊపిరి, ప్రాణశక్తి, చిత్తవృత్తి, ఇన్ని అర్థాలు కలిసిన మాట. 'ఐ' అంటే కలయిక, ఒకదానితో మరొకటి సరిగా అమరడం. ఈ విద్యను పరిచయం చేసే పుస్తకాలన్నీ 'ఐ' అంటే సామరస్యమని చెబుతాయి. అది తప్పు కాదు. కాని జపనీయులకు సామరస్యమనే అర్థంలో వేరొక ప్రసిద్ధ పదమున్నది. అది 'వ'. షోతోకు యువరాజు క్రీ.శ. 604లో రూపొందించినట్లు చెప్పే పదిహేడు అధికరణాల శాసనంలో మొదటి అధికరణమే ఆ 'వ'ను విలువైనదిగా ఎంచమని బోధిస్తుంది. పెద్దలూ పిన్నలూ కలిసి చర్చించుకొంటే న్యాయం దానంతటదే తెలియవస్తుందని కూడా ఆ అధికరణం చెబుతుంది. ఇంత ఉదాత్తమైన పదం 1937లో జపాన్ విద్యాశాఖ ప్రచురించిన 'కొకుతై నో హొంగి' అనే గ్రంథంలో మరొక విధంగా వినియోగమైంది. వ్యక్తి తన వేరుతనాన్ని రాజ్యంలో కరగించుకోవడమే సామరస్యమన్న భావం అందులో ప్రబలంగా ఉన్నది. ఆ తరువాత యుద్ధం ఏ వినాశానికి దారితీసిందో మీరు చరిత్ర పాఠాలలో చదువుకొన్నారు. సామరస్యమనే మాట ఎంత మధురమైనదో అంత ప్రమాదకరమైనది కూడా అని గ్రహించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలును.

ఐకిడో పేరులో ఉన్నది ఆ 'వ' కాదు, 'ఐ'. ఈ చిహ్నమే జపాన్ భాషలో మరి రెండు మాటలలో కనిపిస్తుంది. ఇద్దరు యోధుల నడుమ ఉండవలసిన దూరాన్ని 'మా-ఐ' అంటారు. పోటీని 'షి-ఐ' అంటారు. కలయికలోనూ అదే చిహ్నం, ఎడంలోనూ అదే చిహ్నం, పోటీలోనూ అదే చిహ్నం. దీనికి తెలుగులో నాకు తోచిన దగ్గరి మాట 'పొందిక'. వడ్రంగి రెండు చెక్కలను కూర్చేటప్పుడు కోరేది పొందిక. చెక్కలు రెండూ ఒకటైపోనక్కరలేదు. ఒకదాని గాడిలో మరొకటి బిగువుగా కూర్చుంటే చాలును.

ఈ విద్యను రూపొందించిన మొరిహెయి ఉయెషిబా 1883 డిసెంబరు 14న జపాన్‌లోని తనాబే పట్టణంలో జన్మించాడు. రష్యా-జపాన్ యుద్ధకాలంలో సైనికుడిగా పనిచేశాడు. 1912లో కొన్ని కుటుంబాలతో కలిసి ఉత్తరాన ఉన్న హొక్కైదో ద్వీపానికి వలసవెళ్ళి, అడవులు కొట్టి సేద్యం చేశాడు. అక్కడనే 1915లో తకెదా సొకాకు అనే మహా కఠినుడైన గురువు వద్ద దైతో-ర్యూ అనే ప్రాచీన శైలి మల్లవిద్యను అభ్యసించాడు. ఆ విద్యలోనూ 'ఐకి' అన్న మాట ఉన్నది. అక్కడ దాని అర్థం వేరు. ఎదుటివాని బలాన్ని, ఊపును ఒడిసిపట్టి వానిని లొంగదీసుకొనే నేర్పునకు ఆ పేరు. 1919లో తండ్రి అస్వస్థత వార్త విని స్వగ్రామానికి బయలుదేరిన ఉయెషిబా దారిలో ఒనిసబురో దెగుచి అనే ఆధ్యాత్మిక నాయకుణ్ణి కలుసుకొన్నాడు. ఆ పరిచయం ఆయన ఆలోచనలను మార్చివేసింది.

ఆయన జీవితంలో 1925వ సంవత్సరం ఒక మలుపుగా శిష్యులు చెబుతారు. నౌకాదళ అధికారి ఒకరు కొయ్యకత్తితో ఆయనపై పలుమార్లు దాడి చేశాడట. ఉయెషిబా చేతిలో ఆయుధం లేదు. ప్రతి దెబ్బనూ తప్పించుకొంటూ ఉండగా చివరకు అలసిపోయినవాడు ఆ అధికారియే. అధికారి ఓడినా ఆయన దేహానికి దెబ్బ తగలలేదు. ఆ పిమ్మట కలిగిన అనుభూతిలో యుద్ధవిద్యకు పరమార్థం ప్రేమ అని తనకు తోచినట్లు ఉయెషిబా చెప్పుకొన్నాడు. జపాన్ భాషలో ప్రేమకు కూడా 'ఐ' అనే ఉచ్చారణే ఉన్నది. ఈ శ్లేషను ఆయన తన బోధలో తరచుగా వాడుకొన్నాడు.

ఇంతటితో కథ ముగిసి ఉంటే అది పురాణ గాథ అయి ఉండేది. చరిత్ర అంత సరళం కాదు. 1931లో టోక్యోలో ఆయన శిక్షణశాల వెలసింది. ఆ దశకంలో ఆయన సైనిక, నౌకాదళ సంస్థలలోనూ బోధించాడు. ఒకవైపు ప్రేమను గూర్చి పలుకుతూనే మరొకవైపు యుద్ధానికి వెళ్ళేవారికి శిక్షణ ఇచ్చాడు. యుద్ధం ముమ్మరంగా సాగుతున్న 1942లో ఆయన నగరాన్ని విడిచి ఇవామా అనే గ్రామంలో సేద్యమూ సాధనా చేసుకొంటూ స్థిరపడ్డాడు. ఐకిడో అన్న పేరు అధికారికంగా నమోదైనది కూడా ఆ ఏడాదే. పరాజయానంతరం యుద్ధవిద్యలపై నిషేధాలు వచ్చినవి. 1948లో ఐకిడో సంస్థకు ప్రభుత్వ గుర్తింపు లభించిన తరువాత ఆయన కుమారుడు కిషోమారు, తదితర శిష్యులు ఈ విద్యను సామాన్య ప్రజలకు అందుబాటులోకి తెచ్చారు. 1951లో ఫ్రాన్సుకు, 1953లో హవాయి దీవులకు ఐకిడో చేరింది. 1969 ఏప్రిల్ 26న ఉయెషిబా పరమపదించాడు. హింసను ఎరుగని అమాయకుడు ఊహించుకొన్న సామరస్యం కాదు ఇది. హింసలో ఆరితేరిన చేతులు, తన దేశం కాలి బూడిదైన కాలాన్ని చూసిన కళ్ళు వెదకుకొన్న మార్గం. అందువల్లనే దీనిని పరిశీలించడం అవసరమని నా అభిప్రాయం.

ఇక సాధన ఎట్లా సాగుతుందో చెబుతాను. శిక్షణశాలను 'దోజో' అంటారు. చాపలు పరచిన నేలపై అభ్యాసకులు మోకాళ్ళమీద వరుసగా కూర్చుంటారు. ఇద్దరిద్దరు జతకట్టి, ఒకరికొకరు వంగి నమస్కరించి, 'దయచేసి నాతో అభ్యసించండి' అనే అర్థం వచ్చే మాట పలికి మొదలుపెడతారు. ఒకరు దాడి చేస్తారు. ఆయన్ని 'ఉకే' అంటారు. అంటే స్వీకరించేవాడు. రెండవవారు ఆ దాడిని మళ్ళించి ఆయనను పడవేస్తారు. ఆయనకు 'నాగే' అని పేరు. దాడి చేసేవానికి స్వీకరించేవాడని పేరు పెట్టడంలోని విశేషాన్ని గమనించండి. దాడి ఫలితాన్ని తన ఒంటిమీద స్వీకరించవలసినవాడు ఆయనే. సాధారణంగా నాలుగుసార్లు అయిన తరువాత పాత్రలు మారుతాయి. పడవేసినవాడు ఇప్పుడు పడాలి. పదేళ్ళు సాధన చేసినవారైనా, నిన్న చేరినవారైనా ఈ నియమానికి మినహాయింపు లేదు.

అన్నిటికంటె మొదట నేర్పే అభ్యాసాలలో ఒకటి చూడండి. ఎదుటివాడు నా కుడి మణికట్టును తన ఎడమచేతితో గట్టిగా పట్టుకొన్నాడు. సహజంగా ఎవరైనా ఏమి చేస్తారు? చేతిని వెనక్కు లాగుకొంటారు. లాగిన కొద్దీ వాని పట్టు బిగుస్తుంది. ఇక అది ఎవరి కండబలం ఎక్కువ అనే పోరుగా మారుతుంది. ఐకిడోలో పట్టుబడిన చేతిని లాగరు. దానిని ఉన్నచోటనే ఉంచి, కాలు ముందుకు వేసి, వాని పక్కకు చేరి, ఆ కాలిమీదనే గిర్రున తిరుగుతారు. తిరిగిన తరువాత పరిస్థితి చూడండి. నా చేయి ఇంకా వాని పట్టులోనే ఉన్నది. కాని ఇప్పుడు ఇద్దరమూ భుజం పక్కన భుజంగా, ఒకే దిక్కుకు చూస్తూ నిలబడి ఉన్నాము. వాడు ఏ దిశను చూస్తూ నన్ను పట్టుకొన్నాడో నేను కూడా ఆ దిశను చూస్తున్నాను. పట్టు ఉన్నది, పోరు లేదు. ఇట్లా తిరగడాన్ని 'తెన్‌కాన్' అంటారు.

అయితే ఐకిడోలో తిరగడమొక్కటే ఉన్నదనుకోకండి. ఎదుటివాడు నడినెత్తిమీద కొట్టడానికి చేయి ఎత్తినప్పుడు వెనక్కు తగ్గితే రెండవ దెబ్బకు దొరికిపోతాము. అప్పుడు దెబ్బ పడే గీటునుండి తొలగి, నేరుగా ముందుకు, వాని ప్రక్కగా లోనికి వెళ్ళాలి. దీనిని 'ఇరిమి' అంటారు, అనగా ప్రవేశించడం. సామరస్యమంటే ఎల్లప్పుడూ పక్కకు తప్పుకోవడం కాదని ఈ అభ్యాసం మన కాళ్ళకు నేర్పుతుంది. ధైర్యంగా దగ్గరకు వెళ్ళడం కూడా సామరస్యమే.

ఈ రెంటికీ ఆధారమైనది మూడవది. నాభికి కొంచెం దిగువన శరీర భారం కుదురుకొనే స్థానమున్నది. తిరిగినా, ముందుకు దూకినా, ఆ స్థానం చెదరకూడదు. కొయిచి తోహెయి అనే ప్రసిద్ధ ఆచార్యుడు, హవాయికి ఐకిడోను తీసుకొనివెళ్ళినవాడు, తన బోధ అంతటినీ ఈ ఒక్క బిందువు చుట్టూ అల్లుకొన్నాడు. తన కుదురు లేనివాడు ఎదుటివానితో కలవలేడు. వాని బలానికి కొట్టుకొనిపోతాడు. చూసేవారికి అది కలిసిపోవడంగా కనిపించవచ్చును. సాధకుని కాళ్ళకు మాత్రం తేడా తెలుస్తుంది.

నాలుగవది నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచినది. మణికట్టును మడిచి పట్టే బంధాలు ఐకిడోలో అనేకమున్నవి. 'నిక్యో' అనే బంధం సరిగా పడితే ఎంతటి బలశాలి అయినా మోకాళ్ళమీదికి వస్తాడు. నొప్పి తన హద్దు దాకా రాగానే ఉకే రెండవ అరచేతితో చాపమీద చప్పున కొడతాడు. ఆ చప్పుడు వినిన క్షణంలోనే నాగే పట్టు వదలాలి. ఇంకొక్క అంగుళం అనుకొనే హక్కు ఆయనకు లేదు. ఆ చప్పుడుకు భాష లేదు. జపాన్‌లోనైనా, పుణెలోనైనా, అది అందరికీ అర్థమవుతుంది. అదేవిధంగా 'షిహో-నాగే' అనే విధానంలో ఎదుటివాని చేతిని మడిచి వెనక్కు పడవేస్తారు. దురుసుగా చేస్తే తల వెనుకభాగం నేలకు తగిలి ప్రాణాపాయం కలుగవచ్చును. కాబట్టి పడవేసేవాడు ఎదుటివాని దేహం తన చేతులలో అప్పు తెచ్చుకొన్న వస్తువని తలచాలి. తెచ్చుకొన్నది తెచ్చుకొన్నట్లు తిరిగి ఇవ్వాలి. మరుసటి వంతులో తన దేహాన్ని అప్పగించవలసినది ఆయనకే కదా! విద్యార్థులకొక హెచ్చరిక. ఇవి గురువు సమక్షంలో, చాపలమీద, పడడం నేర్చుకొన్న తరువాత చేయవలసినవి. విరామ సమయంలో పాఠశాల ఆవరణలో ప్రయోగించకండి.

మన పెద్దలకు ఒక పలుకుబడి ఉన్నది. మనిషికి పట్టూ విడుపూ తెలియాలి అంటారు. ఐకిడో సాధన మొత్తాన్ని ఈ రెండు మాటలలో చెప్పవచ్చునని నాకు తోస్తుంది. ఎక్కడ పట్టాలో, ఎప్పుడు విడవాలో పుస్తకం చెప్పలేదు. ఎదుటివాని ఊపిరిని, అడుగును, చేతి బిగువును గమనిస్తూ దేహం నేర్చుకోవాలి.

ఇక ఈ మార్గంలో ఎదురయ్యే రెండు నకిలీ సామరస్యాలను గూర్చి చెప్పకపోతే నా ప్రసంగం అసమగ్రమవుతుంది. మొదటిది బలవంతపు సామరస్యం. ఎదుటివాడు కదలిన దిశను గమనించకుండా తన కండబలంతో పడవేసి, ఎంత సునాయాసంగా పడ్డాడో చూడండి అని సంతోషించడం. రెండవది మొహమాటపు సామరస్యం. ఇది మరీ సూక్ష్మమైనది. గురువుగారిని నొప్పించకూడదని, తోటివాణ్ణి చిన్నబుచ్చకూడదని, చేయి తగలకముందే ఉకే తనంతట తాను పడిపోతాడు. చూడడానికి నృత్యం వలె అందంగా ఉంటుంది. అందులో విద్య ఏమీ ఉండదు. దాడి నిజం కానప్పుడు దానిని మళ్ళించడమూ నిజం కాదు. అందుకే మంచి శిక్షకులు శిష్యులకు నిజాయితీగా దాడి చేయమని పదేపదే చెబుతారు. గట్టిగా పట్టుకోవడం, సూటిగా కొట్టడం తోటి సాధకునికి మనం చేయగల ఉపకారం. భిన్నాభిప్రాయాన్ని మింగివేసి తల ఊపడాన్ని మనం తరచుగా మర్యాద అనుకొంటాము. దోజోలో అది ఉపేక్ష.

ఈ విషయమై ఐకిడో లోకంలోనే పెద్ద వాదం జరిగింది. ఉయెషిబా పోటీలను అంగీకరించలేదు. గెలుపు ఓటములు ప్రవేశిస్తే విద్య పరమార్థం చెడిపోతుందని ఆయన విశ్వాసం. ఆయన తొలితరం శిష్యులలో ఒకరైన కెంజి తొమికి జూడోలో కూడా నిష్ణాతుడు. వసేదా విశ్వవిద్యాలయంలో బోధించిన ఈ ఆచార్యుడు, ఎదురు నిలిచే ప్రత్యర్థి లేనిదే విద్యలో నిజం నిలువదని వాదించి, నియమబద్ధమైన పోటీ విధానాన్ని రూపొందించాడు. ఒకరు గర్వానికి భయపడ్డారు, మరొకరు భ్రమకు భయపడ్డారు. రెండు భయాలూ సహేతుకమైనవే. ఐకిడో శాఖలలో అధిక భాగం నేటికీ పోటీలు లేకుండానే సాగుతున్నవి, తొమికి శాఖ పోటీలతో సాగుతున్నది. సామరస్యాన్ని ప్రకటించుకొన్న విద్యలోనే ఇన్ని శాఖలేమిటని కొందరు నవ్వుతారు. నాకది వింతగా తోచలేదు. ప్రశ్న సజీవంగా ఉన్నదనడానికి అది గుర్తు.

మరొక మాట కూడా స్పష్టం చేయాలి. ఐకిడో నేర్చినవానికి వీధిలో ఏ ఆపదా రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. అన్యాయానికి తల వంచడమే సామరస్యమని ఎవరైనా బోధిస్తే అసలే నమ్మకండి. మణికట్టు పట్టుబడినవాడు దానిని ఇచ్చివేయడు. ఎవరి చేయి వారిదే. పోరు సాగే దిశను మార్చడమే ఆ విద్య ఉద్దేశం.

విద్యార్థులారా, ఇదంతా మీకు ఎందుకు చెప్పినట్లు? మన తాతముత్తాతలు తెలంగాణ పల్లెలనుండి మగ్గాన్ని నమ్ముకొని ఈ ఊరికి వచ్చినవారు. ఇంట తెలుగు, బజారులో మరాఠీ, పొరుగున కన్నడం, ఈ మూడింటి నడుమ మీరు పెరుగుతున్నారు. రెండు సలహాలు మీకు నిత్యమూ వినిపిస్తుంటాయి. తెలుగును వదలి చుట్టుపక్కలవారిలో కలిసిపొమ్మని ఒకరు, మన గోడల మధ్యనే ఉండి ఎవరితోనూ కలవవద్దని మరొకరు అంటారు. మొదటిది కుదురు లేని కలయిక, రెండవది పట్టుబడిన చేతిని వెనక్కు లాగుకొనే పెనుగులాట. దోజోలో నేర్చిన పాఠం మూడవ దారిని చూపుతుంది. మీ కుదురు మీ భాషలో ఉండనివ్వండి. అక్కడనుండి అడుగు ముందుకు వేసి మరాఠీవాని పక్కకు చేరి, అతడు చూస్తున్న దిక్కును మీరూ చూడండి. అతని భాషను మొక్కుబడికి కాక, అందులో కథలు చదివి ఆనందించేటంత చక్కగా నేర్చుకోండి. అభిప్రాయం వేరైనప్పుడు సూటిగా, మర్యాదగా చెప్పండి. తెలుగు మాధ్యమ బడులలో పిల్లలను చేర్చడానికి తల్లిదండ్రులు వెనుకాడుతున్న ఈ రోజులలో, ఈ పాఠశాల మరి 25 సంవత్సరాలు నిలవాలంటే దానికి అవసరమైనది గోడల ఎత్తు కాదు, ఈ కుదురూ ఈ చొరవా.

మగ్గం ముందు కూర్చున్నవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. పడుగు నిలువుగా సాగుతుంది, పేక అడ్డంగా సాగుతుంది. రెండూ ఒకే దిక్కుకు పోతే గుడ్డ పుట్టదు. బిగువు తప్పితే నేత వదులవుతుంది, మితిమీరితే నూలు తెగుతుంది. ఏ పోగు ఆ పోగుగా ఉంటూనే వస్త్రమవుతున్నది. ఆ బిగువును చేతివేళ్ళతో తెలుసుకొన్నవారి మనుమలూ మనుమరాండ్రూ మీరు. సామరస్యం మీకు కొత్త పాఠమేమీ కాదు.